పగడపు దిబ్బ మీద అల ఎలా లేస్తుందంటే

చిరంజీవులకు ఆశీస్సులు.

2024 ఒలింపిక్స్ సర్ఫింగ్ చూసి మీరు అడిగిన ప్రశ్న మంచిది: పసిఫిక్ సముద్రంలోని తాహితీ దీవిలో, తెయాహుపోఓ అనే ఊరి దగ్గర అల గోడలా నిలువుగా లేస్తుంది, మన రుషికొండలో ఎందుకు లేవదు? అల ఎత్తు ఒక్కటే చూస్తే దీనికి జవాబు దొరకదు. అల ఎంత దూరం నుంచి వచ్చింది, దాని కింద నేల ఎలా ఉంది అన్నవి ముందు తెలియాలి.

ఆ అలలు పుట్టేది తాహితీలో కాదు. న్యూజిలాండ్‌కు దక్షిణంగా, చలి సముద్రంలో రేగే తుపానుల్లో పుడతాయి. అందుకే అక్కడ పెద్ద అలల కాలం ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా. తుపాను దగ్గర చిందరవందరగా ఉన్న నీళ్లు దూరం పోయేకొద్దీ వరుసలు కడతాయి. ఒక అల శిఖరానికీ తరువాతి శిఖరానికీ మధ్య గడిచే సెకండ్లను పీరియడ్ అంటారు. అలల గురించి ముందుగా ఇచ్చే సూచనల్లో నేను మొదట చూసే అంకె అదే, మీరూ అదే చూడండి. 16 సెకండ్ల అలల గుంపు లోతైన సముద్రంలో గంటకు 45 కిలోమీటర్ల వేగంతో నడుస్తుంది, అంటే రోజుకు వెయ్యి కిలోమీటర్లకు పైనే. తుపాను అయిదు వేల కిలోమీటర్ల అవతల ఉంటే అలలు చేరడానికి నాలుగైదు రోజులు పడుతుంది. పీరియడ్ ఎక్కువున్నవి ముందు వస్తాయి. కాబట్టి పొద్దున 20 సెకండ్ల చిన్న అలలు కనబడితే నీళ్లు నెమ్మదిగా ఉన్నాయని మోసపోకూడదు, వెనక అసలు సరుకు వస్తోందన్నమాట.

పీరియడ్‌కు అంత విలువ ఎందుకంటే, అల తన పొడవులో సగం లోతు దాకా నీటిని కదిలిస్తుంది. 16 సెకండ్ల అల పొడవు దాదాపు 400 మీటర్లు, కాబట్టి 200 మీటర్ల లోతునుంచే దానికి నేల తగులుతుంది. 9 సెకండ్ల అల పొడవు 126 మీటర్లే. రెండింటి ఎత్తూ రెండు మీటర్లని రాసి ఉన్నా, మొదటిది దిబ్బ మీద మూడు నాలుగు మీటర్ల గోడగా లేస్తుంది, రెండోది అంత ఎత్తు లేవకుండానే విరిగిపోతుంది.

ఇక నేల సంగతి. రుషికొండ దగ్గర ఇసుక నేల మెల్లగా మెట్టకెక్కుతుంది. అల నేలను రాసుకుంటూ, బలం కోల్పోతూ వస్తుంది. తెయాహుపోఓలో పగడపు దిబ్బ ఒడ్డుకు అర కిలోమీటరు దూరంలో ఉంది, దాని అంచు దాటగానే సముద్రం ఒక్కసారిగా లోతైపోతుంది. అలకు వేగం తగ్గించుకునే వ్యవధి దొరకదు. కింది భాగం దిబ్బకు తగిలి ఆగుతుంది, పై భాగం ముందుకు పడుతుంది. పడేముందు దిబ్బ మీది నీళ్లను కూడా తనలోకి లాగేసుకుంటుంది. అందుకే అల అడుగు చుట్టూ ఉన్న సముద్ర మట్టం కన్నా కిందికి దిగినట్టు కనబడుతుంది. ఆ క్షణాన పగడం మీద నీళ్లు మోకాలి లోతు కూడా ఉండకపోవచ్చు.

దిబ్బకు పక్కనే ఒక లోతైన కాలువ ఉంది. కొండల మీది వాన నీళ్లు, బురద సముద్రంలోకి దిగే చోట పగడం పెరగలేదు, అలా దారి మిగిలింది. దిబ్బ మీదుగా, దానికీ ఒడ్డుకూ మధ్యనున్న మడుగులోకి పడ్డ నీళ్లన్నీ ఈ కాలువ గుండానే బయటికి పోతాయి. అలలు పెద్దవైతే ఆ లాగుడు కూడా పెరుగుతుంది. సర్ఫర్లు లోపలికి వెళ్లేది ఈ దారినే, పడవలు నిలిచేదీ ఇక్కడే.

దిక్కు చిన్న విషయంగా అనిపిస్తుంది గానీ ప్రాణం దాని మీదే ఉంటుంది. దక్షిణం నుంచి వచ్చే అల దిబ్బ అంచు వెంట ఒరుసుకుంటూ కాలువ వైపు విరుగుతుంది, సర్ఫర్ దానితోపాటు బయటపడతాడు. నైరుతి నుంచి, ఇంకా పడమటికి తిరిగి వస్తే మాత్రం దిబ్బను ఎదురుగా కొట్టి, చివరి భాగం ఒక్కసారిగా మూసుకుపోతుంది. బయటికి దారి ఉండదు.

గాలి తూర్పు, ఈశాన్యాల నుంచి, అంటే కొండల వైపు నుంచి వీస్తే అల ముఖం నున్నగా నిలుస్తుంది. ఆగ్నేయపు గాలి ముదిరితే అక్కడివాళ్లు మారాఅము అంటారు, అది అలను చెదరగొడుతుంది. ఆటుపోట్ల తీరు మాత్రం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే. మన తీరంలో పోటు వేళ రోజూ దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది, ఎందుకంటే అది చంద్రుణ్ణి అనుసరిస్తుంది. తాహితీ దగ్గర చంద్రుడి ప్రభావం దాదాపు లేనట్టే, సూర్యుడిదే పైచేయి. అందుకని పోటు ఎప్పుడూ మధ్యాహ్నం, అర్ధరాత్రి ప్రాంతాల్లో వస్తుంది, ఆటు ఉదయం ఆరు, సాయంత్రం ఆరు ప్రాంతాల్లో. తేడా 30 సెంటీమీటర్లే. కానీ అర మీటరు నీళ్లున్న దిబ్బకు అది చాలా పెద్ద తేడా. గాలి నెమ్మదిగా ఉండే తెల్లవారుజామునే నీళ్లు తక్కువగా ఉంటాయని దీని అర్థం.

అలలు గుంపులుగా వస్తాయి, మధ్యలో చాలాసేపు ఏమీ రాకపోవచ్చు. ఒలింపిక్స్ సెమీఫైనల్లో బ్రెజిల్‌కు చెందిన ప్రపంచ చాంపియన్ గాబ్రియేల్ మెదీనా ఒక్క అల మాత్రమే ఎక్కగలిగాడు, సముద్రం మరొకటి ఇవ్వలేదు. అంతటి ఆటగాడికే అలా జరిగింది. స్వర్ణం అక్కడి నీళ్లలో పెరిగిన కౌలీ వాస్ట్‌కు దక్కింది. కొత్త చోట నీళ్లలోకి దిగేముందు కనీసం అరగంట ఒడ్డునో పడవలోనో కూర్చుని, రెండు మూడు గుంపులు వచ్చిపోయేదాకా చూడాలనడం ఇందుకే. ఖాళీ సమయంలో చూసి దిగినవాడు అతి పెద్ద అల విరిగే చోటే చిక్కుకుంటాడు.

పడేటప్పుడు తలకిందులుగా దూకకూడదు, కాళ్లు కిందికి చాచకూడదు. ఒళ్లంతా పరిచినట్టు, వీలైనంత పైపైన పడాలి. నీళ్లలో తిప్పుతున్నంతసేపూ మోచేతులతో తల కప్పుకోవాలి. అలలు దిబ్బ మీదుగా మడుగులోకి నెట్టేస్తుంటే ఎదురు ఈదకండి. మడుగులోకి చేరాక పక్కగా చేతులతో తెడ్డేసుకుంటూ కాలువ వైపు తిరిగి రావాలి. దిబ్బ మీద లేచి నిలబడవద్దు: పాదం కోసుకుపోతుంది, పగడం కూడా చస్తుంది. అది రాయి కాదు, ప్రాణమున్నది, విరిగితే తిరిగి పెరగడానికి ఏళ్లు పడుతుంది.

పగడం గీరుకుంటే చిన్నదే కదా అని వదలకండి. అందులో పగడపు ముక్కలు, క్రిములు మిగిలిపోతాయి. సబ్బుతో, మంచినీళ్లతో, మెత్తని బ్రష్‌తో నొప్పి ఓర్చుకుని కడగాలి. ధనుర్వాతం టీకా సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలి. ఎరుపు పాకుతున్నా, జ్వరం వచ్చినా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

దక్షిణ మహాసముద్రపు అలలు మన తీరానికీ వస్తాయి, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాటి గురించి ముందుగా హెచ్చరికలు ఇస్తుంది. విశాఖకు వాళ్లిచ్చే సూచనలో ఎత్తు, పీరియడ్, దిక్కు, గాలి నాలుగూ నోటుపుస్తకంలో రాసుకుని, అదే రోజు రుషికొండ వెళ్లి ఒడ్డునుంచే చూడండి. ఒకే ఎత్తు, వేరు వేరు పీరియడ్ ఉన్న రెండు రోజులు ఎంచుకుని చూసి, తేడా ఏమిటో నాకు రాయండి.

మీ తాతయ్య