తకావీ నుంచి స్వనిధి దాకా: సీమలో సర్కారు అప్పు, కంతుల కథ

అనంతపురం పల్లెల్లో పంట రుణం గడువు దగ్గరపడిందంటే ఊళ్లో ఇంకో అప్పు పుడుతుంది. ఏడాదిలోగా కడితే ఏడు శాతం వడ్డీలో మూడు శాతం తగ్గుతుంది. ఆ తగ్గింపు పోగొట్టుకోకూడదని, చేతిలో పైసా లేని రైతు బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి బ్యాంకులో కడతాడు. రెన్యువల్ చేయించుకుని, వచ్చిన డబ్బుతో బయటి బాకీ తీరుస్తాడు. మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. బ్యాంకు లెక్కలో అతను సక్రమంగా కట్టిన మనిషి. ఇంట్లో మాత్రం అసలు అలాగే ఉంది, మధ్యలో నడిచిన రోజుల వడ్డీ అదనం.

దీన్ని రైతు తెలివితక్కువతనం అనేవాళ్లు ఇక్కడి అప్పు చరిత్ర ఒకసారి చూడాలి. ఆపదలో సర్కారు అప్పు ఇవ్వడం ఈ సీమకు కొత్త కాదు. అది తిరిగి వసూలయ్యే పద్ధతి మొదటినుంచీ వానను చూడలేదు, కూలి దొరికే రోజులను చూడలేదు.

1800లో నిజాం ఈ సీమ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. 1807 దాకా ఇక్కడ ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో కాలంలో రైతులకు విత్తనాలకు, ఎద్దులకు తకావీ, అంటే సర్కారే సాగుకు ముందుగా ఇచ్చే అప్పులు, ఇచ్చారు. మన్రో మీద సీమలో గౌరవం ఉంది, ఉండాల్సిందే. అయినా తకావీ దానం కాదు. భూమి బీడు పడితే శిస్తు రాదు కాబట్టి, శిస్తు కోసం పెట్టిన పెట్టుబడి.

తర్వాత వచ్చింది ధాత కరువు, 1876-78. కర్నూలు జిల్లా జనాభా 1871 లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య సుమారు నాలుగో వంతు తగ్గిపోయింది. కరువు పనుల్లో రాళ్లు కొట్టిన మనిషికి రోజుకు ఒక పౌను (అర కిలో లోపు) ధాన్యం, దాని మీద కొద్దిపాటి చిల్లర కూలి చాలని ఇండియా ప్రభుత్వం పంపిన కరువు ప్రతినిధి రిచర్డ్ టెంపుల్ తేల్చిన కరువు అది. ఆ ఘోరం తర్వాత కరువు కమిషన్ 1880లో నివేదిక ఇచ్చింది. 1883లో భూమి అభివృద్ధి రుణాల చట్టం, 1884లో రైతు రుణాల చట్టం వచ్చాయి. మొదటిది బావులు తవ్వుకోవడం లాంటి పనులకు. రెండోది కష్టకాలంలో ఆదుకోవడానికి, విత్తనాలకు, పశువులకు.

ఈ చట్టాల్లో రెండు సంగతులు గమనించాలి. ఒకటి, బాకీ పడితే దాన్ని భూమి శిస్తు బకాయిలాగే వసూలు చేయొచ్చు. అంటే 1864 నాటి రెవెన్యూ రికవరీ చట్టం కింద సామాను జప్తు, ఆ తర్వాత భూమి వేలం. షావుకారు అయితే కోర్టుకు పోయి డిక్రీ తెచ్చుకోవాలి, సర్కారుకు ఆ పని లేదు. రెండోది, నలుగురు కలిసి తీసుకుంటే నలుగురూ ఒకరికొకరు పూచీ. ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలి. ఈరోజు డ్వాక్రా గ్రూపులో ఒక చెల్లెమ్మ కంతు తప్పితే మిగతా వాళ్లు ఇంటి ముందుకు వచ్చి నిలబడాల్సి రావడం చూస్తున్నాం కదా, దాని వేరు అంత పాతది.

1938లో రాజాజీ ప్రభుత్వం మద్రాసు రైతుల రుణ ఉపశమన చట్టం తెచ్చింది. షావుకార్ల పాత బాకీల్లో వడ్డీలు కొట్టేసిన మంచి చట్టం. కానీ సర్కారుకు రావాల్సిన అప్పులకు అది వర్తించదని అందులోనే రాసుకున్నారు. ఊరి షావుకారు వదులుకోవాలి, తాసిల్దారు వదులుకోడు. 1951-52లో రిజర్వు బ్యాంకు చేయించిన గ్రామీణ రుణ సర్వేలో తేలిందేమిటంటే, రైతుల అప్పుల్లో సర్కారు ఇచ్చింది మూడు శాతం పైచిలుకు మాత్రమే. వడ్డీ వ్యాపారులది దాదాపు 70 శాతం.

1969లో బ్యాంకులు జాతీయమయ్యాక తకావీ పక్కకు పోయి పంట రుణం ముందుకొచ్చింది. కరువొస్తే రీషెడ్యూల్ చేయడం, అంటే గడువు పొడిగించి కంతులు మార్చడం, అప్పటి మార్గం, ఇప్పటికీ అదే. 2018 నాటి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం పంట నష్టం 33 నుంచి 50 శాతం మధ్య ఉంటే రెండేళ్ల దాకా, 50 దాటితే ఐదేళ్ల దాకా గడువు ఇవ్వొచ్చు. వినడానికి బాగుంది. కానీ మామూలుగా రాయితీ వడ్డీ మొదటి ఏడాదికే, రెండో ఏడాది నుంచి పూర్తి వడ్డీ నడుస్తుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని జిల్లాలో, వేరుశనగ ఒక ఏడాది పోతే మరుసటి ఏడాది పండుతుందని ఎవరు పూచీ ఇస్తారు? పాత కంతు తీరకముందే కొత్త కరువు వస్తుంది.

మాఫీల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే జనం మాటల్లో ఎక్కువగా నలిగేది అదే. 2008 కేంద్ర మాఫీలో ఐదెకరాల లోపు రైతుకు మొత్తం రద్దు. అంతకు మించితే 25 శాతం తగ్గింపు, కరువు జిల్లాల్లో కనీసం 20,000 రూపాయలు. కేసీ కాలువ కింద ఐదెకరాలూ, కళ్యాణదుర్గం మెట్టలో ఐదెకరాలూ ఒకటేనా? ఇంకో అన్యాయం కూడా జరిగింది. 2007 డిసెంబరు 31 నాటికి గడువు మీరిన బాకీలకే అది వర్తించింది. బయట మూడు రూపాయలకు తెచ్చి రెన్యువల్ చేసుకున్న రైతు పేరు ఆ జాబితాలో ఉండదు. నిజాయితీగా అప్పు మీద అప్పు చేసినవాడికే ఏమీ దక్కలేదు.

2014లో రాష్ట్ర మాఫీ కుటుంబానికి లక్షన్నర దాకా ప్రకటించారు. 50,000 దాటిన బాకీలకు విడతలు పెట్టారు. మాఫీ వస్తుందని చాలామంది కట్టడం ఆపారు, ఆపిన రోజులకు వడ్డీ పెరిగింది. చివరి రెండు విడతలు 2019లో ప్రభుత్వం మారాక ఆగిపోయాయి.

భూమి లేని పేదవాడికి సర్కారు ఆపద్ధర్మ అప్పు ఆలస్యంగా అందింది. కర్నూలు పాతబస్తీలో తోపుడుబండి మీద పండ్లు అమ్మే మనిషికి 2020 కరోనా దాకా ఎక్కువగా రోజువారీ ఫైనాన్సే గతి. ఆ జూన్‌లో కేంద్రం వీధి వ్యాపారులకిచ్చే అప్పు, పీఎం స్వనిధి, 10,000 రూపాయలతో మొదలైంది. నవంబరులో రాష్ట్రం జగనన్న తోడు పేరుతో అంతే మొత్తం వడ్డీ లేకుండా ఇప్పించింది. స్వనిధిలో ఏడు శాతం వడ్డీ తిరిగి ఖాతాలో పడుతుంది, కంతులు సక్రమంగా కడితేనే. ఆ 10,000కు ఏడాదికి పన్నెండు కంతులు, నెలకు 830 రూపాయల పైన. అదే బండి దగ్గరికి ఫైనాన్స్ కుర్రాడు రోజూ సాయంత్రం వచ్చి వంద తీసుకుపోతాడు. అతని వడ్డీ దారుణం, కానీ డబ్బు చేతిలో ఉన్న గంట అతనికి తెలుసు. సర్కారు అప్పులో వడ్డీ దయగా ఉంది, గడువుకు ఆ దయ లేదు. బండి కదలని వానాకాలం వారానికి కూడా కంతు తేదీ మారదు. అదే 2020లో బ్యాంకు అప్పులకు మార్చి నుంచి ఆగస్టు దాకా మారటోరియం (కంతుల వాయిదా) ఇచ్చారు, వడ్డీ మాత్రం నడిచింది. వెనక్కి ఇచ్చింది వడ్డీ మీద పడిన వడ్డీనే.

ఇక కౌలుదారు. తకావీ కాలంలో భూమి పూచీ లేక అతనికి అప్పు పుట్టడం కష్టంగా ఉండేది. 2011లో రుణ అర్హత కార్డులు, 2019 చట్టంతో పంట సాగుదారు కార్డులు వచ్చాయి. రెండో దానికి పదకొండు నెలల ఒప్పందం మీద భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే పొలం పోతుందేమోనని ఆసామి భయం. పెట్టినా, అదే సర్వే నంబరు మీద ఆసామి ముందే పంట రుణం తీసుకుని ఉంటాడు. అందుకే కరువు మండలంగా ప్రకటించిన ఏడాది గడువు పొడిగింపు పాసుపుస్తకం ఉన్నవాడికి వెళ్తుంది. ఎండిన చేను ఎవరిదో గ్రామంలో వీఆర్వోకు తెలుసు, రైతు సేవా కేంద్రంలో ఎవరు ఏ పంట వేశారో రాసే ఈ-పంట నమోదు ఉంది. ఆ నమోదులోని పేరుకే రీషెడ్యూల్ దక్కేలా నిబంధన మార్చాలని కౌలు రైతులు అడుగుతున్నారు, అది న్యాయమైన కోరిక.