చేయి ఎత్తి బయటికి వెళ్ళిన ఆటగాడు

చిరంజీవులైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. పండగ సెలవులు ముగిసి మీరు బస్సెక్కాక, అది కదులుతుండగా బుజ్జమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి ఒక ప్రశ్న అడిగింది. ‘‘తాతయ్యా, కబడ్డీలో ఆ అన్నకు చేయి తగిలినట్టు రెఫరీ చూడనే లేదు కదా! మరి తనంతట తనే చేయి ఎత్తి బయటికి ఎందుకు వెళ్ళాడు? వాళ్ళ ఊరు ఒక్క పాయింటుతో ఓడిపోయింది కదా!’’ నేను నోరు తెరిచేలోపు బస్సు మలుపు తిరిగిపోయింది. అందుకే ఈ ఉత్తరం.

ఆ అన్న అప్పటికప్పుడు ఏదో గొప్ప నిర్ణయం తీసుకున్నాడని నేను అనుకోను. బరిలో అంత ఆలోచించే వ్యవధి ఎక్కడిది? ఇప్పటి నియమాల ప్రకారం కూతకు వచ్చినవాడికి ఉండేది 30 సెకన్లే. చేయి ఎత్తే గుణం అతనిలో ఎన్నాళ్ళుగానో తయారవుతూ వచ్చింది. ఎలాగంటారా? నానమ్మ రాత్రిపూట పాలు తోడు వేయడం చూశారు కదా. గిన్నెడు పాలలో చెంచాడు మజ్జిగ వేస్తుంది, మూత పెడుతుంది, పడుకుంటుంది. ఆ తర్వాత ఏం జరుగుతుందో ఎవరికీ కనిపించదు. తెల్లవారేసరికి గిన్నెంతా గడ్డ పెరుగు. ఉదయం చుట్టాలు వచ్చాక, వడ్డించే వేళ పాలు తోడు వేస్తే పెరుగవుతుందా? పెద్ద పోటీ రోజున వందలమంది చూస్తుండగా నిజం చెప్పడం వడ్డన లాంటిది. తోడు ఎప్పుడో వేసి ఉండాలి. బడి వెనక మైదానంలో, ఎవరూ లెక్కచేయని సాయంత్రపు ఆటలో ‘‘నాకు తగిలింది’’ అని ఒప్పుకున్న ప్రతిసారీ ఒక చెంచాడు పడుతుంది.

ఇంకొకటి గమనించండి. పాలు మరీ వేడిగా ఉంటే తోడుకోవు, విరిగిపోతాయి. ఓడిపోయామన్న కోపంలో ఉన్న పిల్లవాడికి నీతి చెప్పబోతే జరిగేదీ అదే. మరీ చల్లగా ఉన్నా తోడుకోవు. గెలిచినా ఓడినా నాకేమిటిలే అనుకునేవాడికి నిజాయితీతో పనే పడదు. గోరువెచ్చగా ఉండాలి. అంటే ఆట మీద ఇష్టం ఉండాలి, ఆ ఇష్టం పొంగిపోకుండా ఉండాలి. తోడు అయిపోతే పక్కింటివాళ్ళు గిన్నె పట్టుకొని వస్తారు కదా, నానమ్మ ఎప్పుడూ లేదనదు. ఇవ్వడం వల్ల మన పెరుగేమీ తరగదు. ఆ రోజు ఆ అన్న చేయి ఎత్తగానే అవతలి జట్టు కుర్రాడు అతని భుజం తట్టాడు, చూశారా? ఒక ఇంటి తోడు ఇంకో ఇంటికి వెళ్ళింది.

మా చిన్నప్పుడు దీన్ని చెడుగుడు అనేవాళ్ళం. రెఫరీ లేడు, ఈల లేదు. కోతలయ్యాక కళ్ళం ఊడ్చి, నడుమ బూడిదతో గీత గీసి, వెన్నెల్లో ఆడేవాళ్ళం. జట్లు వేసుకోవడమే ఒక పండగ. ఇద్దరిద్దరు చెట్టు చాటుకు వెళ్ళి రహస్యంగా పేర్లు పెట్టుకొని వచ్చేవాళ్ళు. ‘‘సూర్యుడు కావాలా, చంద్రుడు కావాలా?’’ అని అడిగితే, ఎవరు సూర్యుడో తెలియకుండానే నాయకుడు కోరుకోవాలి. ఇక ఆ మసక వెలుతురులో గోరు తగిలిందో, చొక్కా అంచు తగిలిందో బయటివాడికి ఎలా తెలుస్తుంది? తగిలినవాడికి తెలుస్తుంది, తగిలించినవాడికి తెలుస్తుంది, అంతే. వాళ్ళు చెప్పిన మాట మీదే ఆట నడవాలి. తగిలి కూడా తగల్లేదని బొంకే పిల్లవాణ్ణి ఎవరూ కొట్టేవాళ్ళు కాదు. కానీ మర్నాడు చెట్టు చాటుకు వెళ్ళే వేళకు వాడికి జత కుదిరేది కాదు. ఎంత బలమున్నా ఒంటరిగా గట్టు మీద కూర్చోవలసిందే.

‘మరి ఓడిపోయారు కదా’ అన్న బుజ్జమ్మ మాటను నేను దాటవేయను. నిజం చెబితే గెలుస్తామని మీకు చెప్పడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే ఒక్కోసారి ఓడిపోతాం. 1980 ఫిబ్రవరిలో బొంబాయి వాంఖడే మైదానంలో మన జట్టు ఇంగ్లండుతో టెస్టు ఆడింది. గుండప్ప విశ్వనాథ్ కెప్టెన్. మనవాళ్ళ 242 పరుగులకు బదులుగా ఇంగ్లండు 58 పరుగులకే 5 వికెట్లు పోగొట్టుకుంది. అప్పుడు కపిల్‌దేవ్ బంతికి బాబ్ టేలర్ కీపర్ చేతికి చిక్కి ఔటయ్యాడని అంపైర్ వేలు ఎత్తాడు. బంతి బ్యాటుకు తగల్లేదని విశ్వనాథ్ నమ్మాడు. వెళ్ళిపోతున్న టేలర్‌ను వెనక్కి పిలిచి ఆడమన్నాడు. ఆ టేలర్, బోథమ్ కలిసి 171 పరుగులు జోడించారు. మనం 10 వికెట్ల తేడాతో ఓడిపోయాం. కెప్టెన్‌గా విశ్వనాథ్‌కు దక్కినవి రెండే టెస్టులు. అది రెండోది, చివరిది కూడా. ఆ ఓటమి రికార్డుల్లో అలాగే ఉంది, ఎవరూ చెరపలేరు. అయినా నాకు ఆ కెప్టెన్ అంటే ఎంతో గౌరవం. బుజ్జమ్మా, నీకు పదిహేనేళ్ళు వచ్చాక ఇది మళ్ళీ చదివి, ఆయన చేసింది సరైనదో కాదో నువ్వే తేల్చుకో.

కబడ్డీలో నాకు ఎంతో నచ్చే సంగతి ఒకటుంది. ఔటైనవాడు శాశ్వతంగా పోడు. తనవాళ్ళు అవతల ఎవరినైనా ఔట్ చేస్తే లేచి లోపలికి వస్తాడు. ముందు వెళ్ళినవాడే ముందు తిరిగి వస్తాడు. చెడుగుడులో దీన్ని ‘బతకడం’ అనేవాళ్ళం. తనను బతికించే బాధ్యత పూర్తిగా తోటివాళ్ళ చేతుల్లో పెట్టి పక్కన కూర్చోవడం చిన్న విషయం కాదు. దేవుడి మీద భారం వేయడమంటే ఏమిటో నాకు పురాణం వినకముందే ఆ గట్టు మీద కొంచెం అర్థమైంది.

ఇక కూత సంగతి. ఒకే ఊపిరిలో ‘కబడ్డీ కబడ్డీ’ అనాలని నియమం. నడుమ దొంగతనంగా కాస్త గాలి పీల్చుకున్నావని ముందు ఎవరికి తెలుస్తుంది? ఇది నేను వివరించి చెప్పలేను, మీరే చూడాలి. ఈ రాత్రి భోజనానికి ముందు, పొట్ట నిండకముందే, ఇద్దరూ మేడ మీదికి వెళ్ళండి. ఒకరు కూత పెట్టండి, ఇంకొకరు కళ్ళు మూసుకొని వినండి. ఊపిరి తెగిందని ఇద్దరూ వేళ్ళు ఎత్తండి. ఎవరి వేలు ముందు లేచిందో, కూత పెట్టినవాళ్ళకు ఆ క్షణంలో లోపల ఏమనిపించిందో నాకు ఉత్తరం రాయండి. ఫోనులో కాదు, కాగితం మీద.

ఇట్లు
మీ తాతయ్య