వేరే గ్రూపు గుండెను ఒప్పుకునే పసి ఒళ్లు

గుంటూరు కొత్తపేటలో ఒక బ్లడ్ బ్యాంకులో నేను టెక్నీషియన్‌ని. రోజంతా గ్రూపులు చూడటమే పని. పలక మీద రక్తపు చుక్కలు వేసి, ఒకదాంట్లో నీలం రంగు యాంటీ-ఎ, ఇంకోదాంట్లో పసుపు రంగు యాంటీ-బి కలిపి పుల్లతో తిప్పుతాం. ఎ గ్రూపయితే యాంటీ-ఎ పడ్డ చుక్క విరిగిన పాలలా రవ్వరవ్వలవుతుంది. తర్వాత తిరగేసి, పేషెంటు సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలో, మాకు తెలిసిన ఎ, బి కణాలు కలిపి, వేరే గ్రూపు మీద దాడి చేసే యాంటీబాడీలు ఉన్నాయేమో చూస్తాం.

పురిటి బిడ్డలకు మాత్రం ఈ రెండో పరీక్ష చెయ్యం. వాళ్ల ఒంట్లో సొంత యాంటీబాడీలు ఇంకా పుట్టవు. ఉన్న కాస్తా తల్లి నుంచి వచ్చినవే. నెలలు గడిచేకొద్దీ పేగుల్లో సూక్ష్మజీవులు చేరతాయి. మన కణాల మీద ఎ, బి గ్రూపులకు గుర్తుగా ఉండే చక్కెరల్లాంటివే కొన్ని సూక్ష్మజీవుల పైపొర మీదా ఉంటాయి. వాటిని చూసే ఒళ్లు యాంటీబాడీలు చేయడం నేర్చుకుంటుంది.

గుండె రక్తనాళాల లోపలి పొర మీదా ఆ చక్కెరలే ఉంటాయి. అందుకే పెద్దవాళ్లకు కలవని గ్రూపు గుండె పెడితే గంటల్లోనే పాడైపోవచ్చు. ‘ఓ’ గ్రూపు వాళ్లకు ‘ఓ’ గ్రూపు గుండే కావాలి. పసివాళ్ల సైజు గుండె దొరకడమే అరుదు, అందులోనూ గ్రూపు కలవాలంటే ఇక ఎన్నాళ్లు ఎదురుచూడాలి?

కెనడాలోని టొరంటోలో డాక్టర్ లోరీ వెస్ట్ బృందం 1996లో ఆ గడువు లోపలే, యాంటీబాడీలు పెరగకముందే కలవని గ్రూపు గుండె అమర్చింది. ఆపరేషన్‌లో హార్ట్-లంగ్ మెషిన్ మీద ఉండగానే బిడ్డ ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) మార్చి, ఉన్న కొద్ది యాంటీబాడీలనూ తీసేశారు. 2001లో పది మంది బిడ్డల ఫలితాలు ప్రకటించారు. అందరికన్నా చిన్న బిడ్డ వయసు నాలుగు గంటలు! ఎనిమిది మంది బతికారు. ఆ ఆసుపత్రిలో గుండె కోసం ఎదురుచూస్తూ చనిపోయే పసివాళ్లు 58 శాతం నుంచి 7 శాతానికి తగ్గారు.

నన్ను ఇంకా కదిలించింది 2004లో తేలిన సంగతి. ఇలా గుండె పొందిన బిడ్డలు పెద్దవుతున్నా, దాత గ్రూపు మీద యాంటీబాడీలు చాలామందిలో రాలేదు. ఒళ్లు ఆ గుండెను తనదే అనుకుంది. సాధారణ తిరస్కారం ఆపే మందులు మాత్రం తప్పవు.

రక్తం ఎక్కించేటప్పుడు మా వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. ‘ఎ’ గ్రూపు గుండె ఉన్న ‘ఓ’ గ్రూపు బిడ్డకు ఎర్రకణాలు ‘ఓ’ గ్రూపువే ఇవ్వాలి. ప్లాస్మా మాత్రం ‘ఓ’ గ్రూపుది ఇవ్వకూడదు, అందులోని యాంటీ-ఎ ఆ గుండె మీదకే వెళ్తుంది. ఎ లేదా ఎబి ప్లాస్మా ఇవ్వాలి. ఒకే బిడ్డ పేరు మీద రెండు సంచులు, రెండు వేర్వేరు గ్రూపులు.