అప్పజెప్పు చూద్దాం

పదో తరగతి చదువుతున్న అబ్బాయి తల్లి ఒకావిడ నన్ను అడిగారు: "మావాడు పొద్దున నాలుగున్నరకి లేస్తాడండీ. రాత్రి పదకొండు దాకా పుస్తకం వదలడు. ఒక్కో పాఠం ఐదేసి సార్లు చదువుతాడు. తీరా స్లిప్ టెస్ట్‌లో సగం రాయలేక వస్తాడు. ఏరా అంటే 'అన్నీ వచ్చమ్మా, అక్కడే గుర్తు రాలేదు' అంటాడు. వాడికి జ్ఞాపకశక్తి తక్కువంటారా? ఏమైనా మందు ఇప్పించాలా?"

మందు అక్కర్లేదు. అబ్బాయి అబద్ధమూ చెప్పడం లేదు. "వచ్చు" అన్నది ఒక సంగతి, "గుర్తు రావడం" ఇంకో సంగతి. చాలామంది పిల్లలు రివిజన్ పేరుతో మొదటిదే మళ్లీ మళ్లీ చేస్తారు. పరీక్ష అడిగేది రెండోదాన్ని.

మన పాత ఇళ్లలో అటక ఉండేది కదా. పెళ్లికో వ్రతానికో వాడే ఇత్తడి గంగాళం దాని మీద ఉంటుంది. మూడేళ్లుగా దింపలేదు. దాని ముందు పాత చాపలు, విరిగిన కుర్చీ, గోనెసంచులు చేరాయి. గంగాళం ఎక్కడికీ పోలేదు. పోయింది దాని దాకా వెళ్లే దారి. చుట్టాలు వచ్చి కూర్చున్నాక నిచ్చెనేసుకుని వెతికితే దొరకదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు రాబర్ట్ బ్యోర్క్, ఎలిజబెత్ బ్యోర్క్ 1992లో ఈ సంగతే సిద్ధాంతంగా చెప్పారు. ప్రతి జ్ఞాపకానికీ రెండు బలాలుంటాయన్నారు: ఎంత గట్టిగా నిల్వ ఉంది అన్నది ఒకటి, ఇప్పటికిప్పుడు ఎంత సులువుగా బయటికి వస్తుంది అన్నది రెండోది. రెండూ కలిసే పెరగాలని, కలిసే తరగాలని లేదు. చిన్నప్పటి ఇంటి చిరునామా గట్టిగా నిల్వ ఉన్నా చప్పున నోటికి రాదు. ఈ రోజు దిగిన లాడ్జి గది నంబరు చప్పున వస్తుంది, వారం తర్వాత ఉండదు.

ఇప్పుడు మన అబ్బాయిని ఆ అటక కింద నిలబెట్టండి. పుస్తకం తెరిచి ఐదోసారి చదవడమంటే కింద నిలబడి, తలెత్తి, "ఆ, గంగాళం ఉంది" అనుకోవడం. ఐదుసార్లు చూసినా నిచ్చెన ఒక్కసారీ ఎక్కలేదు, చాపలు జరపలేదు. చూసిన ప్రతిసారీ మాత్రం "ఉంది" అన్న ధైర్యం పెరుగుతుంది. అసలు చిక్కు ఆ ధైర్యమే. చదివిన వాక్యం రెండోసారి కళ్లబడితే సాఫీగా సాగిపోతుంది, ఆ సాఫీతనాన్ని మెదడు "నాకు వచ్చు" అని లెక్కేసుకుంటుంది.

పోయిన సంక్రాంతి సెలవుల్లో మా అక్క కూతురి జీవశాస్త్రం పుస్తకం చూశాను. విసర్జన పాఠం. మూత్రపిండంలో రక్తాన్ని వడపోసే నెఫ్రాన్ గురించిన పేజీ మీద పసుపు, గులాబీ, ఆకుపచ్చ గీతలు. రంగు పడని లైను వెతుక్కోవాలి. పుస్తకం మూసి ఒక తెల్ల కాగితం ఇచ్చి, "రక్తం లోపలికి వచ్చిన దగ్గర్నుంచి ఏం జరుగుతుందో బొమ్మ వేసి రాయి" అన్నాను. బౌమన్ గుళిక గిన్నెలా చక్కగా వేసింది. అందులో రక్తకేశనాళికల గుచ్ఛం వేసింది. లోపలికి తెచ్చేది అభివాహి ధమనిక, బయటికి తీసుకెళ్లేది అపవాహి ధమనిక అని రాసి, పెన్ను ఆపేసింది. "ఏది లావు? ఎందుకు?" అన్నాను. ఆ లైను కుడివైపు పేజీలో, బొమ్మ కింద, గులాబీ రంగులో ఉందని కచ్చితంగా చెప్పింది. అందులో ఏముందో మాత్రం చెప్పలేకపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆరుసార్లు చదివింది మరి.

రెండు నిమిషాలు ఆగాను. లోపలికి తెచ్చే గొట్టం లావు, బయటికి పంపేది సన్నం అయితే మధ్యలో రక్తానికి ఏమవుతుందో ఊహించమన్నాను. "ఒత్తిడి పెరుగుతుంది" అంది, మెల్లగా. "ఓ, అందుకేనా వడపోత జరిగేది!" ఆ తర్వాతే పుస్తకం తెరవనిచ్చాను. మర్నాడు పొద్దున మళ్లీ తెల్ల కాగితం, కనుమ వెళ్లాక ఇంకో కాగితం. మూడోసారి హెన్లీ శిక్యం, సంగ్రహణ నాళం దాకా తడుముకోకుండా వెళ్లింది.

దీనికి మనకు ఎప్పట్నుంచో ఒక మాట ఉంది: అప్పజెప్పడం. అందుకున్నదాన్ని తిరిగి చేతిలో పెట్టడం. నిన్న చెప్పిన పద్యం ఈరోజు పుస్తకం చూడకుండా అప్పజెప్పాకే కొత్త పద్యం. ఆ పద్ధతిని బట్టీ అని తీసిపారేశాం. నిజానికి బట్టీ పట్టడం లోపలికి తోయడం, అప్పజెప్పడం బయటికి తీయడం. అర్థం తెలియకుండా అప్పజెప్పించడం తప్పే. కానీ ఆ తప్పుతో పాటు బయటికి తీసే అలవాటునే పారేసుకున్నామని నా బాధ.

దీన్ని కొలిచి చూపించిన ప్రయోగం ఒకటుంది, నాకు చాలా ఇష్టమైనది. 2006లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ చేశారు. విద్యార్థులకి సైన్సు విషయం మీద ఒక చిన్న పాఠం ఇచ్చారు. ఒక జట్టు ఐదేసి నిమిషాల చొప్పున నాలుగు విడతలూ చదివింది. ఇంకో జట్టు ఒక్క విడతే చదివి, మిగిలిన మూడు విడతల్లో పాఠం చూడకుండా గుర్తున్నదంతా తెల్ల కాగితం మీద రాసింది. మొదటి జట్టు పాఠాన్ని సగటున 14 సార్లు చదివితే, రెండో జట్టు మూడున్నర సార్లు కూడా చదవలేదు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లకి 83 శాతం గుర్తుంది, రాసినవాళ్లకి 71. చదవడమే మేలు అనిపిస్తుంది కదా? వారం తర్వాత వేరేవాళ్లకి అదే పరీక్ష పెట్టారు. చదివినవాళ్లు 40కి పడిపోయారు. రాసినవాళ్లు 61 దగ్గర నిలబడ్డారు.

ఇంకో సంగతి. వారం తర్వాత ఎంత గుర్తుంటుందనుకుంటున్నారు అని ముందే అడిగితే, ఎక్కువ ధైర్యంగా చెప్పింది చదివిన జట్టే. మన అబ్బాయి "అన్నీ వచ్చమ్మా" అన్నది అచ్చంగా అదే. పరీక్షకి ముందు రాత్రి చదివి మర్నాడు గట్టెక్కిన పిల్లలుంటారు, ఆ 83 శాతం వాళ్లది. ఆ పాఠం ప్రీ-ఫైనల్‌కి ఉండదు, మార్చికి అసలే ఉండదు.

ఇక్కడ అటక పోలిక చాలదు. గంగాళాన్ని దింపి మళ్లీ పెడితే గంగాళం మారదు. జ్ఞాపకం మారుతుంది. వెతికి బయటికి తీసిన ప్రతిసారీ అది ఇంకొంచెం గట్టిపడుతుంది, దాని చుట్టూ ఉన్న సంగతులతో కొత్త ముడులు పడతాయి. వెతకడం ఎంత కష్టమైతే లాభం అంత ఎక్కువ, చివరికి దొరికితే. దొరక్కపోతే పుస్తకం తెరిచి సరిచూసుకోవాలి. సరిచూసుకోకపోతే తప్పు జవాబే గట్టిపడే ప్రమాదం ఉంది. అందుకే పెన్ను ఆగిన చోట పిల్లల్ని వెంటనే ఆదుకోకండి. ఆ రెండు నిమిషాల తడుములాటలోనే చదువు జరుగుతోంది.

ఎప్పుడెప్పుడు తీయాలి అన్నది తర్వాతి ప్రశ్న. దీని మూలం 1885లో ఉంది. జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల వరసలు తయారుచేసుకుని, తన మీద తానే ప్రయోగం చేసుకున్నాడు. ఆయన కొలిచింది ఎంత గుర్తుంది అని కాదు, మళ్లీ నేర్చుకోవడానికి ఎంత శ్రమ తగ్గింది అని. మొదటిసారి వంద నిమిషాలు పట్టిన వరస మర్నాడు 66 నిమిషాల్లో వచ్చేస్తే ఆదా 34 శాతం. ఆయనకి వచ్చిన లెక్క: 20 నిమిషాల తర్వాత ఆదా 58 శాతం, గంటకి 44, ఒక రోజుకి 34, నెలకి 21. అంటే పోయేదాంట్లో చాలావరకు మొదటి రోజే పోతుంది, మిగిలింది నిదానంగా కరుగుతుంది. 2008లో నికొలస్ సెపెడా బృందం వెయ్యిమందికి పైగా మనుషుల మీద చూసింది: పరీక్ష వారంలో ఉంటే మొదటిసారికీ రెండోసారికీ మధ్య ఒక రోజు ఎడం, 35 రోజుల్లో ఉంటే 11 రోజులు, 70 రోజుల్లో ఉంటే 21 రోజులు బాగా పనిచేశాయి. పరీక్ష ఎంత దూరంలో ఉంటే ఎడం అంత పెంచాలి. జనవరిలో ఒకే పాఠాన్ని ఒకే రోజు నాలుగుసార్లు చదివించే స్టడీ అవర్లు చూస్తే నాకు మనసు ఉసూరుమంటుంది. ఆ నాలుగు సార్లనే నాలుగు వారాల్లోకి పరిస్తే పిల్లల శ్రమ పెరగదు, ఫలితం మారిపోతుంది.

లెక్కల్లో దీనికి ఇంకో రూపం ఉంది. క్షేత్రమితి పాఠం తీయండి. ఒక అభ్యాసం నిండా ఒకే రకం లెక్కలుంటాయి, కాబట్టి లెక్క చదవకముందే సూత్రం తెలిసిపోతుంది. పిల్లవాడు అంకెలు మార్చి వేస్తూ పోతాడు. పరీక్షలో అసలు పని ఏ సూత్రమో ఎంచుకోవడం, దాని సాధన ఒక్కసారీ జరగలేదు. 2007లో డగ్ రోరర్, కెల్లీ టేలర్ నాలుగు వింత ఘనాకారాల ఘనపరిమాణాల లెక్కలతో ఇదే పరీక్షించారు. రకాన్ని బట్టి విడివిడిగా చేసినవాళ్లు సాధనలో 89 శాతం సరిగ్గా చేశారు, కలగలిపి చేసినవాళ్లు 60 శాతమే. వారం తర్వాత విడివిడిగా చేసినవాళ్లు 20 శాతానికి పడిపోతే, కలగలిపినవాళ్లు 63 శాతం చేశారు. ఈ అంకెలు మొదటిసారి చూసినప్పుడు నమ్మలేక రెండుసార్లు చదివాను. ఇంట్లో చేయాల్సింది సులువే: ఐదు పాఠాల నుంచి రెండేసి లెక్కలు చీటీల మీద రాసి, డబ్బాలో వేసి, చేతికి వచ్చింది చేయించడం.

అష్టావధానం చూసినవాళ్లకి ఇదంతా కొత్తగా అనిపించదు. అవధాని ఒక పృచ్ఛకుడికి ఒక పాదం చెప్పి, సమస్యకి, దత్తపదికి, వర్ణనకి వెళ్లి, మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసేవాడికి జవాబిచ్చి, మళ్లీ ఆవృత్తానికి మొదటి పద్యం అందుకుంటారు. అంటే ఎడం ఇచ్చి, కలగలిపి, అడ్డంకుల మధ్య బయటికి తీయడం. చివర్లో పద్యాలన్నీ ధారణ చేస్తారు. దైవదత్తమైన శక్తి అని దండం పెట్టి ఊరుకుంటాం. దాని వెనక ఉన్న ఏళ్ల సాధన చూస్తే ఆ గౌరవం ఇంకా పెరుగుతుంది.

మందు సంగతి అడిగారు కాబట్టి చెప్పాలి. పుస్తకంలో నెమలీక ఎవరికీ హాని చేయదు. పరీక్ష రోజు పెన్నులు దేవుడి దగ్గర పెట్టి దండం పెట్టుకుంటే పిల్లలకి ధైర్యం, పెట్టుకోనివ్వండి. కళ్లకి గంతలు కట్టి పుస్తకం చదివిస్తాం, మిడ్‌బ్రెయిన్ (మధ్యమెదడు) తట్టిలేపుతాం అంటూ వేలకి వేలు తీసుకునే క్లాసులు మాత్రం మోసం. మిడ్‌బ్రెయిన్ ఎవరికీ నిద్రపోయి లేదు, కంటి కదలికల దగ్గర్నుంచి పుట్టినప్పట్నుంచీ పని చేస్తూనే ఉంది. తెల్లవారుజామున చదివితేనే బుర్రకెక్కుతుందన్న నమ్మకం గురించి కూడా ఒక మాట. పదకొండుకి పడుకుని నాలుగున్నరకి లేస్తే ఐదున్నర గంటలే నిద్ర. ఆ వయసుకి ఎనిమిది నుంచి పది గంటలు కావాలి. పగలు నేర్చుకున్నదాన్ని మెదడు పక్కాగా భద్రం చేసుకోవడానికి నిద్ర కావాలి. పైగా యవ్వనంలో శరీర గడియారం సహజంగానే ఆలస్యంగా తిరుగుతుంది, వాళ్లకి రాత్రి తొందరగా నిద్ర రాకపోవడం బద్ధకం కాదు.

"రోజూ పరీక్ష పెడితే టెన్షన్ పెరగదా?" అని ఆవిడ అడిగారు. మార్కులు వేస్తే పెరుగుతుంది. మార్కులు లేకుండా, తప్పుకి తిట్లు లేకుండా చేస్తే తగ్గుతుంది. 2014లో పూజా అగర్వాల్ బృందం ఇలాంటి అభ్యాసం చేసిన 1408 మంది బడిపిల్లల్ని అడిగితే, అసలు పరీక్షల భయం తగ్గిందని 72 శాతం చెప్పారు. హాల్లో కూర్చున్నప్పుడు చేసే పనే ఇంట్లో ముప్పైసార్లు చేసి ఉంటే, కాగితం కొత్తగా కనిపించదు.

ఆవిడ అసలు సందేహం చివర్లో బయటపడింది. "నేను ఏడో తరగతి దాకా చదివానండీ, అదీ తెలుగు మీడియం. వాడిది ఇంగ్లిష్ మీడియం. నేనేం అడగగలను?" ఆవిడకి పాఠం తెలియనక్కర్లేదు. పుస్తకం ఆవిడ చేతిలో మూసి ఉంటే చాలు. "ఇవాళ ఏం చదివావు? నాకు తెలుగులో చెప్పు" అనాలి. వాడు తడబడిన చోట పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టాలి. ఆదివారం ఆ చుక్కలే మళ్లీ అడగాలి. అర్థం కాకపోతే "ఎందుకు?" అనాలి, నిజంగా తెలియక అడిగే ఎందుకు కంటే మంచి ప్రశ్న లేదు.

మూడు వారాలకి ఫోన్ చేశారు. కరెంటు పాఠంలో రెండు నిరోధాలు సమాంతరంగా, అంటే కరెంటుకి రెండు దారులు ఉండేలా కలిపితే మొత్తం నిరోధం తగ్గుతుందని వాడు సూత్రంతో సహా అప్పజెప్పాడట. "రెండు పెడితే పెరగాలి గానీ తగ్గడమేంట్రా?" అని ఈవిడ అడిగారు. వాడి దగ్గర జవాబు లేదు. స్టవ్ మీద కూర కలుపుతూ ఆవిడే అన్నారట: "గుళ్లో ఇంకో గుమ్మం తెరిస్తే జనం తొందరగా కదులుతారు కదా, అలాగేమైనానా?" వాడు కాసేపు ఊరుకుని, పుస్తకం తీసి, ఆ పేజీలో చుక్క తనే పెట్టుకున్నాడట.