ఆడవాళ్ల లెక్కలో లక్ష్మీనారాయణ గారు

లక్ష్మీనారాయణ అనే డాక్టరు గారి పరిశోధన ఒక విదేశీ జర్నల్లో అచ్చయిందనుకుందాం. అక్కడ ఆయన పేరు రెండు ముక్కలవుతుంది. లక్ష్మి సొంత పేరు, నారాయణ ఇంటిపేరు! పేరును బట్టి ఆడో మగో ఊహించే సాఫ్ట్‌వేర్‌ చేతికి అది చిక్కితే ఆయన స్త్రీల ఖాతాలో పడే అవకాశమే ఎక్కువ. ఇక సాయి, కిరణ్ లాంటి పేర్లొస్తే దానికి టెన్షనే.

వైద్య పరిశోధన రాసేవారిలో ఆడవాళ్లెందరు, ఏ దేశం వాళ్లెందరు అని వేసే ఈ లెక్కలు ఉబుసుపోక వేసేవి కావు. అమెరికా డాక్టర్ల మీద రేష్మా జగ్సీ బృందం చేసిన అధ్యయనం 2006లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. ఆరు పేరున్న జర్నళ్లలో 1970లో మొదటి రచయితల్లో స్త్రీలు 5.9 శాతం, 2004 నాటికి 29.3. చివరి రచయితల్లో మాత్రం 3.7 నుంచి 19.3కే చేరారు.

మొదలు, చివర అని విడదీయడంలోనే ఉంది కిటుకు. వైద్య పత్రాల్లో సాధారణంగా పని ఎక్కువ చేసినవారి పేరు ముందుంటుంది, బృందానికి పెద్ద పేరు చివర ఉంటుంది. తలలు మాత్రమే లెక్కపెడితే మోసపోతాం. ఆఫ్రికా రోగుల మీద రాసిన పత్రంలో మధ్యలో పదిమంది ఆఫ్రికా వాళ్లుండి, రెండు కొసల్లో లండన్ పేర్లుంటే, వైవిధ్యం కాగితం మీద బ్రహ్మాండంగా కనిపిస్తుంది. పైనుంచి దిగి, పని కానిచ్చుకుని వెళ్లిపోయే ఇలాంటిదాన్నే పారాచూట్ పరిశోధన అని వెక్కిరిస్తారు.

పాత పత్రాల దగ్గర ఇంకో చిక్కు. వైద్య వ్యాసాల ఆన్‌లైన్ జాబితా పబ్‌మెడ్‌లో 2002కి ముందు వ్యాసాలకు చాలావరకు రచయితల పూర్తి పేర్లు ఉండవు, ఇంటిపేరు, పొడి అక్షరాలే. ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిపై 1925లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి మన యల్లాప్రగడ సుబ్బారావు రాసిన పత్రాన్నే చూడండి. జాబితాల్లో ఆయన 'సుబ్బారో వై'. సొంత పేరు ఇంటిపేరు స్థానంలోకి వెళ్లింది, అసలు ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించుకుపోయింది. దేశం సంగతీ అంతే. హ్యూస్టన్‌లో పుట్టి పెరిగిన రెడ్డి గారిని పేరు చూస్తే ఇండియాలో, అడ్రసు చూస్తే అమెరికాలో వేయాలి.

నా మట్టుకు, మనిషినే అడగడం మేలు. 2020లో రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ చొరవతో చాలామంది ప్రచురణకర్తలు ఆ దారి పట్టారు. 2022లో రచయితలను లింగం, జాతి గురించి అడిగే ఉమ్మడి ప్రశ్నలు తెచ్చారు. చెప్పడం ఇష్టం లేకపోతే ఆ మాటే టిక్కు పెట్టొచ్చు. కానీ వ్యాసం పంపే ఫారాల్లో ఈ ప్రశ్నలకంటే ముందు ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ గళ్లు కనిపిస్తాయి. మన లక్ష్మీనారాయణ గారు ఇంటిపేరు ఏ గడిలో వేయాలా అని అక్కడే ఆగిపోతారు.