ఎర్రరాయి తెల్లగా ఎందుకొచ్చింది?

బుజ్జీ, చందూ,

ఫోటోలు బాగా తీయడం ఎలాగో రాయమన్నారు కదా. హైస్కూల్లో నాకు కాంతి పాఠం చెప్పిన సైన్స్ మాస్టారు రిటైరయ్యాక గండికోటలో ఫోటోగ్రఫీ వర్క్‌షాప్ పెడితే వెళ్లాను. ఆయన దగ్గర నేర్చుకున్నదే మీకు చెబుతాను.

గండికోట కడప జిల్లాలో, జమ్మలమడుగు దగ్గర ఉంది. ఎర్రమల కొండలను కోసుకుంటూ పెన్నా నది అక్కడ లోతైన లోయలో పారుతుంది. పొద్దున్నే అంచున నిలబడితే పైరాళ్లకు ఎండ తగులుతుంది, అడుగున ఇంకా చీకటే. మన కంటికి రెండూ కనిపిస్తాయి. ఫోటోలో మాత్రం లోయ కనబడితే ఆకాశం తెల్లగా పాలిపోతుంది, ఆకాశం కుదిరితే లోయ నల్లబడుతుంది.

దీనికి కారణం మాస్టారు ఇలా చెప్పారు. కెమెరాకు ఎదురుగా ఏముందో తెలియదు. వచ్చిన వెలుతురునంతా సగటు చేసి మధ్యరకానికి తెస్తుంది. ఫ్రేము నిండా తెల్లగోడ పెట్టినా, నల్ల గేదెను పెట్టినా బూడిదరంగుకే లాగుతుంది. అందుకే ఏ భాగం సరిగ్గా రావాలో మనమే ముందు తేల్చుకోవాలి. మీ ఫోన్లో అయితే ఆకాశంలో వెలుగున్న చోట వేలితో తాకండి. పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కాస్త కిందికి జరపండి. నీడలో ఉన్నదాన్ని తర్వాత కొంత వెలికి తీయొచ్చు కానీ, పూర్తిగా తెల్లబడిన మేఘాన్ని మళ్లీ తేలేం.

అప్పుడే యాన్సెల్ ఆడమ్స్ అనే అమెరికా ఫోటోగ్రాఫర్ గురించి చెప్పారు. 1927లో అమెరికాలోని యోసెమిటీలో హాఫ్ డోమ్ అనే కొండను నలుపు-తెలుపులో తీస్తున్నాడాయన. చివరికి ఫోటో పడే గాజుపలకలు రెండే మిగిలాయి. మొదటిది పసుపు ఫిల్టర్‌తో (లెన్సు ముందు పెట్టే రంగుగాజుతో) తీశాడు. ఆకాశం తను అనుకున్నంత గంభీరంగా రాదనిపించి, రెండోదానికి ముదురు ఎరుపు ఫిల్టర్ పెట్టాడు. ఆకాశం దాదాపు నల్లగా వచ్చింది. ఆయనకు పేరు తెచ్చిన ఫోటో అదే. షట్టర్ నొక్కకముందే బొమ్మ ఎలా ఉండాలో మనసులో చూసుకున్నాడు. నాకు అందులో అన్నిటికన్నా నచ్చేది ఈ సంగతే.

మాస్టారు కెమెరాను నలుపు-తెలుపులో పెట్టి, ఎర్ర ఫిల్టర్ తగిలించి, "ఈ ఎర్రరాయి ఎలా వస్తుందో చెప్పండి" అన్నారు. నల్లగా వస్తుందన్నారు చాలామంది. తెర మీద రాయి తెల్లగా వెలిగిపోతూ కనిపించింది, నీలాకాశం నల్లబడింది. ఎర్ర గాజు ఎరుపును రానిస్తుంది, నీలాన్ని ఆపేస్తుంది. తరగతిలో చదివిన పాఠమే, అక్కడ రాతిమీద చూశాను! మీరూ ఫోన్ లెన్సు ముందు ఎర్రటి పారదర్శక కాగితం పెట్టి, నలుపు-తెలుపులో మందార పువ్వును తీసి చూడండి. పువ్వు కంటే ఆకులు నల్లగా వస్తాయి.

ఒక్క జాగ్రత్త. గండికోట లోయ అంచున కంచె లేని చోట్లున్నాయి. ఫోన్లో చూస్తూ ఒక్క అడుగు కూడా వేయకూడదు. కదలాలంటే ముందు ఫోన్ దించాలి. ఈ విషయంలో మాస్టారు ఎవరినీ ఉపేక్షించలేదు, నేనూ ఉపేక్షించను.

ఈలోగా మీ ఊరి చెరువుగట్టు చాలు. ఒకే చోట నిలబడి పొద్దున, మిట్టమధ్యాహ్నం, సాయంత్రం తీయండి. పొద్దునా సాయంత్రం ఎండ గాలిలో ఎక్కువ దూరం ప్రయాణించి వస్తుంది, దారిలో నీలం చెదిరిపోయి ఎరుపు, పసుపు మిగులుతాయి. మూడు ఫోటోలూ పంపండి. ఒక్కోదానిలో ఏ భాగం కోసం వెలుతురు సరిచేశారో కింద రాయండి.

మీ పెద్దనాన్న