గోధుమ మొలక: కంటికి కనిపించేది, కనిపించనిది

విశాఖ చుట్టుపక్కల గోధుమ పండదు. మా పిండి మరకు ఉత్తరాది నుంచి, మధ్యప్రదేశ్ నుంచి వస్తుంది. లోడు దిగగానే గోనె సంచుల్లోంచి నమూనా తీసి పరీక్షించడం నా పని. తడిసిన గోధుమ గురించి వ్యాపారులు, బేకరీవారు చెప్పే కొన్ని మాటలు వింటే బాధ కలుగుతుంది, ఎందుకంటే వాటివల్ల డబ్బు, సరుకు రెండూ పోతున్నాయి.

అపోహ: మొలక కనిపించకపోతే గింజ మంచిదే.

అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేసే నమ్మకం ఇదే. కోతకొచ్చిన పైరు వానకు తడిస్తే, మొలక బయటికి రాకముందే గింజలో ఆల్ఫా అమైలేజ్ అనే ఎంజైమ్ తయారవుతుంది. గింజలోని పిండిపదార్థాన్ని విరిచి మొలకకు ఆహారంగా అందించడం దాని పని. పైకి గింజ నిండుగానే ఉంటుంది. కొన్ని రకాల్లోనైతే, గింజ గట్టిపడే దశలో చలి హఠాత్తుగా పెరిగినా చాలు, వాన చుక్క పడకుండానే ఈ ఎంజైమ్ చేరుతుంది.

అందుకే ఫాలింగ్ నంబర్ అనే పరీక్షతో ఆ ఎంజైమ్ ప్రభావం ఎంతుందో చూస్తాం. ఎంజైమ్ ఎక్కువైతే గంజి పలచబడి నంబరు తగ్గుతుంది. ఏడు గ్రాముల పిండిని 25 మిల్లీలీటర్ల నీటిలో కలిపి, ఆ గాజు గొట్టాన్ని మరిగే నీటిలో పెడతాం. తొలి నిమిషంలో యంత్రం గంజిని కలుపుతుంది. ఆ తర్వాత కడ్డీని వదిలేస్తే తన బరువుతో తానే కిందికి దిగుతుంది. మొత్తం ఎన్ని సెకన్లు పట్టిందో అదే నంబరు. 300 దాటితే నిశ్చింత. 200 లోపు వస్తే మొలక దెబ్బ తగిలినట్టే. బాగా చెడిన గింజ అయితే వదిలిన కడ్డీ క్షణాల్లో అడుగు చేరుతుంది, గొట్టంలో గంజి నీళ్లలా కదులుతుంది.

ఇంట్లోనే చూడాలంటే రాగులున్నాయి. మామూలు రాగి పిండితో ఒక గిన్నెలో, మొలకెత్తించి ఆరబెట్టి ఆడించిన పిండితో ఇంకో గిన్నెలో అదే కొలతతో జావ కాచండి. మొలకలోని ఇదే ఎంజైమ్ వల్ల రెండోది పలచగా జారుతుంది. పసిపిల్లల జావకు ఆ గుణం వరం. రొట్టెకు మాత్రం చేటు.

అపోహ: ఎండబెడితే సరిపోతుంది.

ఎండ మొలకను ఆపుతుంది, అప్పటికే తయారైన ఎంజైమ్‌ను పోగొట్టదు. పొయ్యిలో రొట్టె లోపలి భాగం 60 డిగ్రీలు దాటేసరికి పిండిపదార్థం ఉబ్బి మెత్తబడుతుంది. ఎంజైమ్ అప్పటికింకా చురుగ్గానే ఉంటుంది కాబట్టి దాన్ని కరిగించేస్తుంది. గాజువాక నుంచి ఒక బేకరీ యజమాని రొట్టె తెచ్చి నా బల్ల మీదే కోసి చూపించారు. కత్తికి బంకలా అంటుకుంది, పైన పెచ్చు నల్లగా ఉంది. ఈస్టు మార్చి, పొయ్యి వేడి మార్చి అప్పటికే వారం రోజులు నష్టపోయారు. ఆ పిండి నంబరు 160.

అపోహ: మంచి గోధుమతో కలిపేస్తే సర్దుకుంటుంది.

400 నంబరు గోధుమను, 100 నంబరు గోధుమను సమానంగా కలిపితే 250 వస్తుందనుకుంటారు. మేము వాడే సూత్రం ప్రకారం వచ్చేది దాదాపు 137. నూటికి పది సంచులు చెడ్డవి కలిసినా 400 కాస్తా 270కి పడిపోతుంది. ఎంజైమ్ కొద్దిగా ఉన్నా తన పని తాను చేసుకుపోతుంది మరి. నాసి లోడును విడిగా ఉంచండి, బిస్కెట్లకో పశువుల దాణాకో పనికొస్తుందేమో పరీక్షించి చూడండి.

అపోహ: విశాఖ సముద్రపు గాలికే గోధుమ మొలకెత్తుతుంది.

మొలకెత్తాలంటే గింజ తన బరువులో మూడో వంతుకు పైగా నీరు పీల్చాలి. గాలిలోని తేమతో అంత చేరదు. ఇక్కడి ఉక్కపోతతో వచ్చే ప్రమాదం బూజు, పురుగు. గోదాము కప్పు కారితే మాత్రం మొలక భయం నిజమే.

అపోహ: మొలకెత్తిన గోధుమ విషం.

కాదు. భయపడాల్సింది తడి వెంట వచ్చే బూజుకు.

అపోహ: మెరుపు పోయిందంటే మొలకెత్తినట్టే.

2023 మార్చిలో ఉత్తరాదిన అకాల వర్షాలు పడినప్పుడు, మెరుపు తగ్గిన గోధుమను కూడా కొనేలా కేంద్రం నిబంధనలు సడలించింది. తడిసి ఆరిన గింజ పైతొక్క మసకబారుతుంది, లోపల ఎంజైమ్ పెరిగి ఉండనక్కర్లేదు. అలాంటి మసక నమూనాలు నా దగ్గర 300 దాటినవీ ఉన్నాయి. రంగు చూసి రైతుకు ధర తగ్గించే ముందు ఆ ఏడు గ్రాముల పిండిని మరిగే నీటిలో పెట్టి చూడండి.